పొట్ట కొలవని డేగిసాలు

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పాలు పోయించుకుంటే గిన్నెలో వేలు ముంచి చూస్తాను. పత్తి విత్తనాలు కొంటే పది గింజలు తడిగుడ్డలో మూటకట్టి, అవి మొలకెత్తితేగాని పొలానికి తీసుకెళ్ళను. తప్పంతా నాదే అనుకోకండి. పురుగుమందు డబ్బా మూత తీసి వాసన చూడకుండా పిచికారీ చేసిన రైతు ఆ రోజుల్లో దర్శి చుట్టుపక్కల ఒక్కడూ లేడు. అంతమంది అనుమానపు మనుషుల్లో నన్ను కూడా మించినవాడు ఒకాయన ఉండేవాడు. పేరు షేక్ మాబు. మా ఊరి దర్గా ఉరుసుకు వంట చేసేవాడు.

నేను దర్శిలో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఊళ్ళో అందరికీ బాపయ్య మాస్టారిని. మాబు నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, అందుకని మాబన్నా అని పిలిచేవాణ్ణి. సన్నగా, పొడుగ్గా, వంటవాడి పొట్ట లేని మనిషి. వంట మొదలుపెట్టే ముందు బావినీళ్ళు పుక్కిలించి ఉమ్మేవాడు. యాలకులు నలిపి, లవంగం కొరికి, నూనె చుక్క అరచేతిలో రుద్ది చూసుకునేవాడు. పొయ్యిల చుట్టూ కర్రతో గీత గీసి, దాన్ని దాటితే ఎంతటివాడినైనా కసిరేవాడు. ఒకసారి దర్గా పెద్ద హుస్సేన్ సాహెబే గీత దాటితే, "తమరు అవతల నిలబడండి సాయిబూ, అన్నం నేను తెచ్చి చూపిస్తా" అన్నాడు.

ఉరుసు నాడు ఏడు డేగిసాల బగారా అన్నం, పప్పులో సొరకాయ వేసిన దాల్చా. డేగిసా అంటే మామూలు గిన్నె కాదు, మనిషి లోపల కూర్చోగలిగినంత పాత్ర. అన్నం ఉడికాక మూతపెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద అతికించి, పిండి రెండు కొసలూ కలిసిన చోట మాబన్న తన ఎడమ బొటనవేలు గట్టిగా నొక్కేవాడు. చిన్నప్పుడు కత్తికి తెగి ఆ వేలి మీద ఏటవాలు గాయపు మచ్చ ఉండేది. పిండిలో ఆ మచ్చ అచ్చుపడేది. వడ్డనకు మూత తీసేముందు వంగి ఆ ముద్ర చూసుకునేవాడు.

"ఇంకో వేలు పడితే నాకు తెలిసిపోద్ది" అనేవాడు.

"అన్నాన్ని ఎవరెత్తుకుపోతారు మాబన్నా?" అని నేను ఏడిపిస్తే, "ఎత్తుకుపోరు, కలుపుతారు. పోయినదాన్ని పట్టుకోవచ్చు మాస్టారూ. కలిపినదాన్ని ఎట్టా పట్టుకుంటారు?" అనేవాడు.

ఆయన కొలత అంతా తెడ్డు మీద. తాతల నాటి చండ్రకర్ర తెడ్డు అది, అడుగు కొసకు ఇనుప తొడుగు, పొన్ను. దాని మీద రెండు గాట్లు. ఖాళీ డేగిసాలో బియ్యం పోసి, చదును చేసి, తెడ్డు నిలబెడితే కింది గాటు దాకా రావాలి. ఆ బియ్యం తీసి నానబోసి, పై గాటు దాకా ఎసరు పెట్టేవాడు. తూకం, లెక్క ఏమీ లేవు. బియ్యం ఊళ్ళో ప్రతి గడపా ఇచ్చేది, మా కమ్మోరి ఇళ్ళతో సహా. ఏడు డేగిసాలూ గాటు దాకా పోశాక కొట్టుగదిలో మిగిలిన బియ్యం వంటవాడిదని ఆచారం. ఏటా నాలుగైదు కేజీలు మిగిలేవి. మాబన్న చేతిసంచిలో పోసుకుని ఇంటికి పోయేవాడు.

రెండువేల సంవత్సరంలో పాత రాగి డేగిసాలు చిల్లులు పడ్డాయి. వాటిని గుంటూరులో మారకానికి ఇచ్చి అల్యూమినియం డేగిసాలు తెచ్చాం. తెచ్చింది హుస్సేన్ సాహెబూ నేనూ. కొలిచింది నేనే. లెక్కల మాస్టారిని కదా, అంగడివాడు మోసం చేస్తాడని టేపు వెంట తీసుకెళ్ళాను. మూతి అడ్డంగా అరవై సెంటీమీటర్లు, ఎత్తు అరవై, అడుగు అరవై. పాతవీ అంతే, కొత్తవీ అంతే. "ఒక్క నూలు తేడా లేదు సాయిబూ" అని నేనే హామీ ఇచ్చాను. పాతవి అక్కడే కరగడానికి పోయాయి.

మరుసటి ఏడు ఉరుసు మిరపకోతల్లో పడింది. కళ్ళాల్లో కాయలు ఎర్రగా ఆరుతున్నాయి. చుట్టుపక్కల ఊళ్ళ కూలీలంతా మధ్యాహ్నానికి దిగారు. ఏటా మూడు వేల మంది తిని వెళ్ళే అన్నం ఆ రోజు చివరి బంతులకు రాలేదు. ఐదువందల మంది విస్తళ్ళ ముందు కూర్చుని లేచారు. వాళ్ళలో బసవమ్మ ఉంది. మా చేలో కాయ కోసే మనిషి, ఏటా మొక్కు చెల్లించే మనిషి. ఖాళీ విస్తరి మడిచి చంకలో పెట్టుకుని, "ఎప్పుడూ ఇట్టా కాలేదు బాపయ్యగారూ, సామికి మా మీద కోపమొచ్చిందా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే దర్గా వెనక సందులోంచి ఒక రిక్షా పోతూ కనిపించింది. రిక్షాలో నూరు కేజీల గోనెసంచి, దాదాపు మూతి దాకా నిండుగా. పక్కన మాబన్న, సంచి మీద చెయ్యేసి నడుస్తున్నాడు.

ఇక నాకు చెప్పేవాళ్ళు అక్కర్లేకపోయింది.

రెండోరోజు ఉదయం దర్గా వరండాలో చాపలు పరిచి మాబన్నను పిలిచారు. ఆయన తెడ్డు పట్టుకునే వచ్చాడు.

"బియ్యం ఎప్పుడూ ఇచ్చినన్నే ఇచ్చాం. డేగిసాలు ఏడే. ఐదొందల మంది పస్తుతో ఎట్టా లేచారు మాబూ?" అన్నాడు హుస్సేన్ సాహెబ్.

"గాటు దాకా పోశా సాయిబూ. ఏటా పోసినట్టే పోశా."

నేను లేచాను. "రిక్షాలో పోయిన సంచేంది మాబన్నా?"

"మిగిలింది."

"ఎప్పుడూ చేతిసంచిలో పట్టేది ఈ ఏడు రిక్షా ఎక్కిందా?"

ఆయన నా కళ్ళలోకి చూశాడు. "అదే నాకూ అర్థం కాలా. ఎవురన్నా తెచ్చి కలిపారేమో, మీకేమన్నా తెలుసా మాస్టారూ?"

వరండా అంతా గగ్గోలు. దొరికినవాడు ఎదురు ప్రశ్న వేస్తున్నాడని తలా ఒక మాట. నేను తెడ్డు అందుకుని కింది గాటు చూశాను. కర్రంతా నల్లగా ఉంటే గాటు మాత్రం తెల్లగా, కొత్తగా ఉంది. మసి పట్టకుండా ఆయన ఏటా గాజుపెంకుతో దాన్ని గీకి శుభ్రం చేస్తాడని నాకు తెలుసు. తెలిసి కూడా అనేశాను.

"ఈ గాటు కొత్తగా చెక్కినట్టుందే. కిందికి దించావా?"

మాబన్న లేచాడు. తెడ్డు నా చేతిలోంచి తీసుకుని చాప మీద పడుకోబెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తెడ్డును కొట్టుగదిలో పెట్టి తాళం వేశారు.

మా వైపు వంటవాడికి చేతివాటం ఉందని ఒక్కసారి పేరు పడితే చాలు, ఇంక ఎవరూ పిలవరు. ఆ వేసవిలో మాబన్నకు ఒక్క పెళ్ళి రాలేదు. నాలుగు తరాలుగా చుట్టుపక్కల పదహారు ఊళ్ళ పొయ్యిలు వెలిగించిన ఇల్లు అది. చివరికి చీమకుర్తి వెళ్ళి, క్వారీల్లో రాళ్ళు కొట్టే కూలీలకు వండిపెట్టే మెస్సులో కుదిరాడని విన్నాను. శుక్రవారం శుక్రవారం ఇంటికి వచ్చేవాడు. నన్ను చూస్తే రోడ్డుకు అవతలి పక్కకు మారేవాడు. సిగ్గుపడుతున్నాడు, తప్పు చేసినవాడు కదా అనుకునేవాణ్ణి. అనుమానం ఉన్నవాడికి అన్నీ సాక్ష్యాలే.

మళ్ళీ ఉరుసు ఇంకో మూడు వారాలుందనగా, దర్గా కమిటీ పై ఊరి వంటవాడిని మాట్లాడుకోబోతోంది. బయానా ఇస్తే మాబన్న ఇంటికీ ఆ దర్గా పొయ్యికీ ఇక సంబంధం లేనట్టే. ఆ వారంలో నేను కాలేజీలో భ్రమణ ఘనపరిమాణాలు మొదలుపెట్టాను. ఒక వక్రరేఖను అక్షం చుట్టూ గిరగిరా తిప్పితే పాత్రలాంటి ఆకారం వస్తుంది, దానిలో ఎంత పడుతుందో సమాకలనంతో కనుక్కోవడం. బోర్డు మీద ఒకే చోట మొదలై ఒకే చోట ముగిసే రెండు రేఖలు గీశాను. ఒకటి కాస్త వంగింది, ఇంకొకటి బాగా ఉబ్బింది.

"రెండింటికీ మొదలు ఒకటే, చివర ఒకటే, అక్షం వెంట పొడవు ఒకటే. తిప్పితే రెండింటిలోనూ ఒకే అంత పడుతుందా?"

"పట్టదు సార్" అన్నారు అందరూ.

"ఎందుకు పట్టదు?"

ముందు బెంచీలో తేజశ్రీ అనే అమ్మాయి అంది, "మధ్యలో దానికి పొట్ట ఉంది కద్సార్."

నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. మూతి, ఎత్తు, అడుగు. గుంటూరు అంగట్లో టేపుతో నేను కొలిచినవి ఆ మూడే. పొట్ట కొలవలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్న నేను, ఎవరైనా మోసం చేస్తారేమోనని టేపు జేబులో వేసుకుని వెళ్ళిన నేను కొలవలేదు. క్లాసు మధ్యలో వదిలేసి మా ఊరి బస్సెక్కాను.

పాత డేగిసాలు కరిగిపోయాయి కాబట్టి నీళ్ళు పోసి చూసే వీలు లేదు. కానీ దర్గా గదిలో గోడకు ఒక ఫొటో ఉంది, తొంభైనాలుగు ఉరుసుది. పాత రాగి డేగిసా పక్కనే తెడ్డు నిలబెట్టి మాబన్న నిల్చున్నాడు. నాకు కావలసింది అంతకంటే ఏముంది? కొట్టుగది తాళం తీయించి తెడ్డు పొడవు కొలిచాను. దాన్నిబట్టి ఫొటోలోని డేగిసా అంచు ప్రతి ఐదు సెంటీమీటర్ల ఎత్తుకూ నడిమధ్య నుంచి ఎంత దూరం ఉందో రాసుకున్నాను. ఇంకో సంగతి కూడా కనబడింది. తెడ్డు మీద కింది గాటు పొన్ను నుంచి ఇరవై సెంటీమీటర్ల దగ్గర ఉంది. ఫొటోలోనూ సరిగ్గా అక్కడే ఉంది. కిందికి దించావా అని నేను నిలదీసిన గాటు అదే.

తర్వాత లెక్క. సొరకాయను చక్రాలుగా తరిగినట్టు డేగిసాను అడ్డంగా సన్నటి పొరలుగా కోశామనుకోండి. ఒక్కో పొర గుండ్రటి బిళ్ళ. బిళ్ళ వైశాల్యం వ్యాసార్ధం వర్గం మీద ఆధారపడుతుంది. పొరలు ఎంత పలచనైతే కూడిక అంత నిక్కచ్చి. సమాకలనం చేసేది ఆ కూడికే. వర్గం అన్నచోటే ఉంది కిటుకంతా. పాతదాని పొట్ట దగ్గర వ్యాసార్ధం నలభై రెండు సెంటీమీటర్లు, కొత్తదానికి, టేపుతో కొలిస్తే, ముప్పై ఆరు. పక్కకు మూడు వేళ్ళ తేడా, కంటికి ఆనదు. కానీ పాత డేగిసాలో రెండువందల డెబ్భై నాలుగు లీటర్లు పడితే కొత్తదాంట్లో రెండువందల పద్దెనిమిదే వచ్చింది.

హుస్సేన్ సాహెబ్ నా కాగితం వైపు అనుమానంగా చూశాడు. "ఫొటో చూసి లీటర్లు చెప్తారా మాస్టారూ?"

"పాతది నమ్మొద్దు. కొత్తది నమ్ముతారా? రెండొందల పద్దెనిమిది అన్నాను. నీళ్ళు పోయించండి."

ఇరవై లీటర్ల నూనె డబ్బాతో బావి నుంచి తోడి పోయించాం. పది డబ్బాలు పట్టాయి. పదకొండోది పోస్తుంటే డేగిసా అంచు మీద నీళ్ళు నిలిచాయి, డబ్బా అడుగున రెండు లీటర్లు మిగిలాయి. సాహెబ్ టోపీ తీసి తల గోక్కుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే మాబు..." అన్నాడు.

"గాటు దాకానే పోశాడు. అదే గాటు దాకా పాతదాంట్లో ఎనభై మూడు లీటర్ల బియ్యం పడతాయి, కొత్తదాంట్లో అరవై తొమ్మిది. లీటరు బియ్యం ఎనిమిది వందల గ్రాములు తూగాయి. డేగిసాకు పదకొండు కేజీల పైన తగ్గింది. ఏడింటికి డెబ్భై ఎనిమిది. ఏటా మిగిలే నాలుగైదు కేజీలు కలిపితే ఎనభై రెండు, ఎనభై మూడు కేజీలు మిగిలి ఉండాలి. ఫొటో కొద్దిగా వంకరైతే రెండు మూడు కేజీలు అటూ ఇటూ."

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరం మాబన్న ఇంటికి వెళ్ళాం. ఆయన భార్య గుల్జార్ బేగం గుమ్మంలోనే ఆపింది.

"ఇంకా ఏం మిగిలిందని వచ్చారు మాస్టారూ?"

"తప్పు చెప్పుకోవడానికి వచ్చాను వదినా."

మాబన్న నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు, కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను. డేగిసా పొట్ట నేను కొలవలేదని, ఆ రోజు కొట్టుగదిలో ఎనభై రెండు కేజీలు మిగలడంలో ఆయన తప్పు గింజంత కూడా లేదని, ఆచారం ప్రకారం అవి ఆయనవేనని, తిన్నా తప్పు కాదని చెప్పాను.

ఆయన తలెత్తాడు. "ఎంతన్నారు?"

"ఎనభై రెండు. అటూ ఇటూగా."

"గుల్జార్, ఆ వేపాకు తియ్" అన్నాడు.

గది మూలలో చెక్కల మీద వేపమండల గుట్ట. ఆమె మండలు పక్కకు లాగింది. వాటి కింద గోనెసంచి. మూతికి పురికొస బిగించి, ముడి మీద పిండి ముద్ద అతికించి ఉంది. పిండి ఎండి రాయిలా బిగిసి పగుళ్ళిచ్చింది. దాని మీద మూడుచోట్ల బొటనవేలి ముద్ర, మూడింట్లోనూ ఏటవాలు మచ్చ.

"అంత బియ్యం మిగిలేసరికి నాకు భయమేసింది. నన్ను దొంగను చెయ్యడానికి ఎవురో ఓ బస్తా తెచ్చి కలిపారనుకున్నా. అక్కడే ఉంచితే ఇంకేం కలుపుతారోనని ఇంటికి తెచ్చి, తేగానే ముద్రేశా. అప్పుట్నించీ ఒక్క గింజ ముట్టలా" అన్నాడు.

"మొన్న వానల్లో రెండు రోజులు పొయ్యి వెలగలా" అంది గుల్జార్ బేగం. "అడిగితే, అది మనది కాదు, సాక్ష్యం అన్నాడు."

"మరి ఆ రోజే ఎందుకు చూపించలేదు మాబన్నా?"

"చూపిస్తే ఏమనేవాళ్ళు మాస్టారూ? దొరికాక తెచ్చి పెట్టాడనేవాళ్ళు. మీరే అనేవాళ్ళు."

అనేవాణ్ణే. నూటికి నూరుపాళ్ళు అనేవాణ్ణి.

సంచిని దర్గాకు తెచ్చి, మిరపకాయలు తూచే కాటా మీద ఊరందరి ముందు పెట్టాం. ఎనభై ఒకటిన్నర. మిగతాది పురుగు తినుంటుందని ఎవరో అన్నారు. బసవమ్మ ముందుకొచ్చి ఆ పిండి ముద్రను వేలితో తడిమింది. "సామి కోపం కాదన్నమాట" అంది. తర్వాత నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

హుస్సేన్ సాహెబ్ తానే కొట్టుగది తాళం తీసి తెడ్డు తెచ్చి ఇచ్చాడు. "గాటు రెండు వేళ్ళు పైకి చెక్కుకో మాబూ, సరిపోద్ది" అన్నాడు ఉత్సాహంగా. నా లెక్క కూడా దాదాపు అంతే చెబుతోంది.

మాబన్న అప్పుడు నవ్వాడు, ఏడాది తర్వాత. "పోయడానికి పడతాయి సాయిబూ. ఉడికాక ఏడకు పోద్ది అన్నం? పొంగి పొయ్యిలో పడుద్ది. ఇంకో రెండు డేగిసాలు పెట్టండి, ఒకటి నిండుగా, ఒకటి సగం." కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. మొత్తం ఎనిమిది, ఆ పైన సగానికి కొంచెం తక్కువ. ఆయన చెప్పిందే సరి.

ఆ ఏడు ఉరుసులో ఆఖరి బంతి దాకా అన్నం వచ్చింది, అడుగంటిన మాడు కూడా మిగిలింది. బసవమ్మ రెండోసారి పెట్టించుకుంది. నేను దూరంగా గీత అవతల నిలబడి చూస్తున్నాను. వడ్డన అయ్యాక మాబన్న కొట్టుగదిలో మిగిలిన బియ్యం సంచిలోకి ఎత్తాడు. ఎప్పటిలాగే నాలుగైదు కేజీలు. మూతి కట్టి, ముడి మీద పిండి ముద్ద అతికించి, బొటనవేలు నొక్కాడు. అందరూ చూస్తుండగా నన్ను పిలిచాడు.

"గీత దాటి రండి మాస్టారూ."

వెళ్ళాను. సంచి నా ముందు పెట్టాడు.

"పక్కన మీ వేలు కూడా వెయ్యండి. నాది ఒక్కటి చాలలేదు గదా."

నేను వంగి వేలు నొక్కాను. పిండి ఇంకా గోరువెచ్చగా ఉంది.

ఆయన బతికినన్నాళ్ళూ, రెండువేల ఎనిమిది దాకా, ఏటా ఆ సంచి మీద రెండు ముద్రలు పడ్డాయి. నన్ను నమ్మి వేయించాడో, ఎప్పటికీ నమ్మలేక వేయించాడో అడిగే ధైర్యం నాకు ఒక్క ఏడూ రాలేదు.